రాబర్ట్ పీల్: లండన్‌కు లాఠీ, ఐర్లాండ్‌కు తుపాకీ

పోలీసులు, ప్రజలు వేరువేరు కాదన్న మాట ఫ్రెండ్లీ పోలీసింగ్ మీద జరిగే ప్రతి సమావేశంలోనూ వినిపిస్తుంది. దాని వెంటే వినిపించే పేరు సర్ రాబర్ట్ పీల్. 1829లో బ్రిటన్ హోంమంత్రిగా లండన్ మెట్రోపాలిటన్ పోలీసును నెలకొల్పింది ఆయనే. ఆ నగరంలో కానిస్టేబుల్‌కు ‘బాబీ’ అన్న పేరు రాబర్ట్ ముద్దుపేరు నుంచే వచ్చింది.

ఆయన పేరు మీద చలామణీలో ఉన్న తొమ్మిది పోలీసు సూత్రాలను మాత్రం ఆయన రాయలేదు. వాటిని ఆ రూపంలో కూర్చింది 20వ శతాబ్దపు చరిత్రకారుడు చార్లెస్ రీత్. పీల్ నిజంగా ఏం చేశారో తెలుసుకోవాలంటే ఆ సూత్రాలను కాసేపు పక్కనపెట్టి ఆయన జీవితం చూడాలి. అందులో ఒకటి కాదు, రెండు పోలీసు వ్యవస్థలు కనిపిస్తాయి. వాటిలో భారత ఉపఖండానికి చేరిన నమూనా లండన్‌ది కాదు.

అద్దకం మిల్లు వారసుడు

పీల్ 1788 ఫిబ్రవరి 5న ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, బరీ పట్టణంలో పుట్టారు. ఆ కుటుంబం ఆస్తి అంతా అద్దకం బట్టల వ్యాపారంలో సంపాదించిందే. మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన భారతీయ అద్దకాలకు నకళ్లు తీయడంతోనే ఇంగ్లండ్‌లో ఆ పరిశ్రమ మొదలైంది. తండ్రి పేరు కూడా రాబర్ట్ పీలే. ఆయన దేశంలోని పెద్ద మిల్లు యజమానుల్లో ఒకరు, పార్లమెంటు సభ్యుడు. నూలు మిల్లుల్లో పనిచేసే బాల కార్మికుల పని వేళలకు 12 గంటల పరిమితి పెట్టిన 1802 నాటి చట్టం ఆయన చొరవతోనే వచ్చింది.

కొడుకు హారో స్కూల్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. ప్రాచీన భాషల్లోనూ గణితంలోనూ ఒకేసారి ప్రథమ శ్రేణి సాధించారు. 1809లో 21 ఏళ్లకే ఎంపీ అయ్యారు. తండ్రి డబ్బు పెట్టి కొన్న ఆ సీటు ఐర్లాండ్‌లోని క్యాషెల్. అక్కడున్న ఓటర్లు 24 మంది. తనను పార్లమెంటుకు పంపిన దేశం గురించి పీల్‌కు అప్పటికి పెద్దగా తెలియదు. మూడేళ్లు తిరిగేసరికి ఆ దేశాన్నే పాలించే బాధ్యత ఆయన మీద పడింది.

ఐర్లాండ్‌లో ఆరేళ్లు

1812లో, 24 ఏళ్ల వయసులో పీల్ ఐర్లాండ్ చీఫ్ సెక్రటరీ అయ్యారు. లండన్ ప్రభుత్వం తరఫున అక్కడి రోజువారీ పాలన నడిపించే పదవి అది. ఐర్లాండ్ ప్రజల్లో అత్యధికులు కేథలిక్కులు. భూములు, పదవులు మాత్రం చాలావరకు ప్రొటెస్టెంట్ల చేతుల్లో ఉండేవి. తమది కాని చర్చికి కూడా కేథలిక్ రైతులు పన్ను కట్టాలి. పార్లమెంటులో కూర్చునే హక్కు వాళ్లకు లేదు. కౌలు భారం, భూముల నుంచి గెంటివేతలు, చర్చి పన్ను కలిసి పల్లెల్లో రహస్య సంఘాలకు ఊపిరి పోశాయి. రాత్రి దాడులు, ఇళ్లకు నిప్పు పెట్టడం, పశువులను నరకడం మామూలైపోయాయి. ఊరి కానిస్టేబుళ్ల వల్ల అయ్యేది కాదు. ప్రతిసారీ సైన్యాన్ని దించడం కుదిరేది కాదు.

పీల్ 1814లో శాంతి పరిరక్షణ దళం పేరుతో కొత్త ఏర్పాటు చేశారు. ఒక జిల్లానో, అందులో కొంత భాగాన్నో ప్రభుత్వం కల్లోలిత ప్రాంతంగా ప్రకటిస్తుంది. ఒక మేజిస్ట్రేట్ ఆధ్వర్యంలో సాయుధ దళం అక్కడికి వెళ్తుంది. దాన్ని నడిపే ఖర్చు ఆ ప్రాంతం వాళ్ల నుంచే వసూలు చేస్తారు. అల్లర్లు చేసినవాడూ, వాటి వల్ల నష్టపోయినవాడూ ఒకే లెక్కన కట్టాలి. ఐర్లాండ్ ప్రజలు ఈ దళానికి ‘పీలర్లు’ అని పేరు పెట్టారు. లండన్‌లో బాబీలు పుట్టడానికి 15 ఏళ్ల ముందు సంగతి ఇది.

ఆ దళాన్ని పీల్ తన మంచి పనుల్లో ఒకటిగానే చూశారు. రోగం భూమి, మతం, పన్నులది అయినప్పుడు మందు పోలీసు కాగలదా అన్న ప్రశ్న ఆ వయసులో ఆయనను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. కేథలిక్కులకు రాజకీయ హక్కులు ఇవ్వడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. కేథలిక్కుల నాయకుడు డేనియల్ ఓకానెల్‌తో 1815లో పిస్తోళ్ల ద్వంద్వ యుద్ధం దాకా వెళ్లారు. ఓస్టెండ్ రేవులో తలపడాలని ఇద్దరూ బయల్దేరారు కానీ, దారిలో లండన్‌లో ఓకానెల్‌ను అదుపులోకి తీసుకోవడంతో అది ఆగిపోయింది.

వద్దన్న నగరానికి పోలీసు

1822లో పీల్ హోంమంత్రి అయ్యారు. అప్పటికి లండన్ జనాభా పది లక్షలు దాటింది. కాపలా మాత్రం పాతకాలం నాటిదే. ఒక్కో చర్చి పేట తన కాపలాదారులను తానే పెట్టుకునేది. వాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లు. దొంగను పట్టిస్తే బహుమతి అన్న పద్ధతి మీద బతికే వేటగాళ్లు కొందరుండేవారు. దొంగలతో వాళ్ల లాలూచీ బహిరంగ రహస్యం. పెద్ద గొడవ జరిగితే సైన్యమే దిక్కు. 1780లో గోర్డన్ అల్లర్లను అణచడానికి దిగిన సైన్యం చేతిలో వందల మంది చనిపోయారు. 1819లో మాంచెస్టర్‌లో ఓటు హక్కు కోసం చేరిన జనం మీదికి గుర్రపు దళం కత్తులు దూసి వెళ్తే కనీసం 15 మంది ప్రాణాలు పోయాయి. ‘పీటర్లూ’ అన్న పేరుతో ఆ ఘటన బ్రిటన్ జ్ఞాపకంలో మిగిలిపోయింది.

అయినా ప్రభుత్వ పోలీసు అంటే లండన్‌కు భయం. పోలీసు అనే మాట వినగానే వాళ్లకు నెపోలియన్ నాటి పారిస్ గుర్తొచ్చేది. గూఢచారులు, ఉత్తరాలు విప్పి చదివే అధికారులు, అర్ధరాత్రి అరెస్టులు కళ్ల ముందు మెదిలేవి. 1822లో పీల్ చొరవతో ఏర్పడిన పార్లమెంటు కమిటీ కూడా అలాంటి దళం స్వేచ్ఛకు పొసగదని తేల్చింది. పీల్ తొందరపడలేదు. ముందు నేర చట్టాల మీద పనిచేశారు. అప్పట్లో 200కు పైగా నేరాలకు మరణశిక్ష ఉండేది. చెల్లాచెదురుగా ఉన్న వందలాది చట్టాలను ఒకచోటికి చేర్చారు. కొన్ని నేరాలకు మరణశిక్ష తీసేశారు. ఆయన హయాంలో ఉరితీతలు ఆగలేదు కానీ, శిక్ష భయంకరంగా ఉండటం కంటే పట్టుబడతామన్న భయం ఉండటం ముఖ్యమన్న ఆలోచన బలపడింది. ఆ ఆలోచనే చివరికి మళ్లీ పోలీసు దగ్గరికి తీసుకొచ్చింది.

1829 జూన్ 19న మెట్రోపాలిటన్ పోలీసు చట్టం వచ్చింది. పలుకుబడి ఉన్న లండన్ సిటీ కార్పొరేషన్‌తో తగాదా ఎందుకని ఆ చిన్న ప్రాంతాన్ని పీల్ చట్టం నుంచి మినహాయించారు. సైనికాధికారి చార్లెస్ రోవన్, ఐర్లాండ్‌కు చెందిన న్యాయవాది రిచర్డ్ మేన్ మొదటి కమిషనర్లు. సెప్టెంబరు 29 సాయంత్రం మొదటి కానిస్టేబుళ్లు వీధుల్లోకి వచ్చారు.

ఆ కానిస్టేబుల్ రూపంలో ప్రతి వివరమూ ప్రజల అనుమానానికి జవాబుగా పుట్టిందే. సైన్యానిది ఎరుపు కాబట్టి పోలీసుకు నీలం కోటు ఇచ్చారు. శిరస్త్రాణం బదులు మామూలు పౌరులు పెట్టుకునే పొడవాటి టోపీ పెట్టారు. తుపాకీ ఇవ్వలేదు. లాఠీని కూడా కోటు వెనక జేబులో, కంటపడకుండా పెట్టుకోవాలి. సాయం పిలవడానికి తిప్పితే చప్పుడు చేసే కొయ్య గిలక ఒకటి ఉండేది. ప్రమాదకరమైన సందర్భాల కోసం స్టేషన్లలో కత్తులు ఉంచినా, వీధిలో అవి సాధారణంగా కనిపించేవి కావు. గూఢచారి అన్న అనుమానం రాకుండా డ్యూటీ లేనప్పుడూ యూనిఫాంలోనే ఉండాలి. కాలర్ మీద డివిజన్ అక్షరం, అతని నంబరు కుట్టి ఉంటాయి. పేరు తెలియకపోయినా నంబరు చూసి ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు.

రోవన్, మేన్ తయారుచేసిన నిబంధనలు ఇంకా ముఖ్యం. నేరం జరిగాక పట్టుకోవడం కంటే జరగకుండా చూడటమే మొదటి పని అని అవి స్పష్టంగా చెప్పాయి. కానిస్టేబుల్ తన బీటులోని ఇళ్లనూ మనుషులనూ గుర్తుపట్టగలగాలి. హోదా చూడకుండా అందరితో మర్యాదగా మాట్లాడాలి. ఎంత రెచ్చగొట్టినా కోపం తెచ్చుకోకూడదు. సిఫారసు ఉత్తరాల మీద ఉద్యోగాలు ఇవ్వకూడదని, పై పదవులు కింది నుంచి ఎదిగినవాళ్లకే దక్కాలని పీల్ పట్టుబట్టారు. కానిస్టేబుల్ జీతం వారానికి 21 షిల్లింగులు. పనివాళ్ల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే పనివాళ్ల వీధుల్లో తిరగాలన్నది ఆయన ఉద్దేశం.

ఆచరణ అంత సాఫీగా సాగలేదు. 1వ నంబరు వచ్చిన కానిస్టేబుల్‌నే తాగి ఉన్నందుకు మొదటి రోజే తొలగించారు. తొలి సంవత్సరాల్లో వేల మంది వెళ్లిపోయారు, లేదా ఉద్యోగం పోగొట్టుకున్నారు. తొలగింపులకు ప్రధాన కారణం తాగుడు. కానీ తప్పు చేసినవాడిని దాచిపెట్టడం దళానికి అలవాటు కాలేదు. నగరం నమ్మకం సంపాదించడంలో ఆ తొలగింపులకూ వాటా ఉంది.

ప్రశ్నించే హక్కు ఉన్నచోట

1830 నవంబరులో ప్రభుత్వం పడిపోవడంతో పీల్ పదవి దిగారు. ఆయన దళానికి అసలు పరీక్ష ఆ తర్వాత 1833లో వచ్చింది. ఆ ఏడాది మే నెలలో కోల్డ్‌బాత్ ఫీల్డ్స్‌లో కార్మికుల సభను పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. ఆ తోపులాటలో రాబర్ట్ కల్లీ అనే కానిస్టేబుల్ కత్తిపోటుకు చనిపోయాడు. మరణంపై విచారణ జరిపిన స్థానిక జ్యూరీ, వ్యాపారులూ దుకాణదారులూ ఉన్న జ్యూరీ, ఆ హత్యను చట్టం తప్పుపట్టదని తీర్పు చెప్పింది. సభ చట్టవిరుద్ధమని ముందుగా చెప్పలేదని, పోలీసులు క్రూరంగా ప్రవర్తించారని కారణం చూపింది. జనం ఆ జ్యూరీ సభ్యులకు సన్మానాలు చేశారు. చనిపోయిన కానిస్టేబుల్ కుటుంబానికి అది అన్యాయమే. అయితే తమ పోలీసును తప్పుపట్టే అధికారం లండన్‌లో ఒక చిన్న దుకాణదారుకూ ఉందని అది చాటింది.

అదే ఏడాది పోపే అనే సార్జెంట్ వ్యవహారం బయటపడింది. అతడు మఫ్టీలో, చిత్రకారుడిగా నటిస్తూ ఒక కార్మిక సంఘంలో చేరి, సభ్యులను తానే రెచ్చగొట్టాడని ఆరోపణ వచ్చింది. పార్లమెంటు కమిటీ విచారించి తప్పుపట్టింది. పోపే ఉద్యోగం పోయింది. ఆ అపనమ్మకం ఎంత లోతైనదంటే, చిన్న డిటెక్టివ్ శాఖ పెట్టుకోవడానికి కూడా ఆ దళం 1842 దాకా ఆగింది.

ఇదే కాలంలో ఐర్లాండ్‌లో కథ వేరే దారిలో నడిచింది. పీల్ దళం స్థానంలో 1822లో జిల్లా పోలీసు, 1836లో దేశమంతటికీ ఒకే కాన్‌స్టాబ్యులరీ వచ్చాయి. వాళ్లు తుపాకులతో బ్యారక్‌లలో ఉండేవారు. ఎవరినీ సొంత జిల్లాలో నియమించేవారు కాదు. ప్రజలకు దగ్గర కావడం లండన్‌లో అర్హత అయితే, అక్కడ అది ప్రమాదం. వాళ్లు జవాబు చెప్పుకోవాల్సింది డబ్లిన్ కోటలోని ప్రభుత్వానికే.

ఈ తేడా పీల్‌కు తెలియకపోలేదు. 1829 ఏప్రిల్‌లో ఆయన ఒక చేత్తో లండన్ పోలీసు బిల్లు ప్రవేశపెట్టి, మరో చేత్తో తాను అన్నాళ్లూ వ్యతిరేకించిన కేథలిక్ హక్కుల చట్టాన్ని గట్టెక్కించారు. ఐర్లాండ్ అంతర్యుద్ధం అంచున ఉందని, బలగంతో అదుపు చేయడం ఇక సాధ్యం కాదని ఆయనకు అర్థమైంది. ఈ మార్పుకు ఆక్స్‌ఫర్డ్ ఓటర్లు ఆయనను ఓడించి శిక్ష వేశారు.

ప్రధానిగా పతనం

1841లో పీల్ పూర్తి మెజారిటీతో ప్రధాని అయ్యారు. 1843 జనవరిలో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి, ప్రధాని అనుకుని ఆయన కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను లండన్ వీధిలో కాల్చాడు. రెండోసారి పేల్చబోతుండగా అక్కడే బీటులో ఉన్న కానిస్టేబుల్ పట్టుకున్నాడు. డ్రమ్మండ్ ఐదు రోజులకు చనిపోయారు. మతిస్థిమితం లేదన్న కారణంతో నిందితుడు శిక్ష తప్పించుకోవడం దేశాన్ని కుదిపేసింది. ఆ వివాదం నుంచి పుట్టిన మెక్‌నాటన్ నిబంధనల జాడ భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్‌లోనూ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌లోనూ ఉంది.

ఐర్లాండ్ ఆయనను చివరిదాకా వదల్లేదు. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకు తెగులు సోకి కరువు మొదలైంది. విదేశీ ధాన్యం మీద సుంకాలు ఎత్తేస్తే తిండి చవకవుతుందని పీల్ తన పార్టీకే ఎదురు తిరిగారు. 1846 జూన్ 25 రాత్రి సుంకాల రద్దు బిల్లు ప్రభువుల సభలో గట్టెక్కింది. అదే రాత్రి ఐర్లాండ్‌లో కర్ఫ్యూ విధించి కఠిన శిక్షలు వేయడానికి ఆయన తెచ్చిన బిల్లు కామన్స్ సభలో ఓడిపోయింది. కొద్ది రోజుల్లో ఆయన రాజీనామా చేశారు. ఆకలికి తిండి వెతికిన బిల్లు, ఆకలిగొన్న పల్లెలకు బలగాన్ని పంపే బిల్లు ఒకే మనిషి చేతి నుంచి వచ్చాయి.

1850 జూన్ 29న లండన్‌లో గుర్రం మీంచి పడి తీవ్రంగా గాయపడిన పీల్ జులై 2న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 62. ఇంటి ముందు పేదలు గుంపులుగా నిలబడ్డారు. రొట్టె చవక చేసిన మనిషి అన్న కృతజ్ఞతతో కార్మికులు పెన్నీలు పోగుచేసి ఆయనకు స్మారకాలు కట్టించారు.

మనకు వచ్చింది ఏది?

పీల్ ప్రధానిగా ఉన్న 1843లోనే చార్లెస్ నేపియర్ సింధ్‌ను ఆక్రమించాడు. ఐర్లాండ్‌లో పెరిగిన నేపియర్ అక్కడి కాన్‌స్టాబ్యులరీ నమూనాలోనే సింధ్‌కు పోలీసును తయారుచేశాడు. తర్వాత మిగతా ప్రాంతాలూ ఆ బాట పట్టాయి.

మద్రాసు ప్రెసిడెన్సీలో పరిస్థితి మరీ ఘోరం. పన్ను వసూలు, పోలీసు అధికారం ఒకే సిబ్బంది చేతుల్లో ఉండేవి. కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఆ ప్రెసిడెన్సీలోవే. శిస్తు రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ రైతులను చిత్రహింసలు పెట్టడం, వేళ్లను కొయ్యల మధ్య బిగించే కిట్టి లాంటివి వాడటం నిజమేనని 1855లో ప్రభుత్వ విచారణ సంఘమే తేల్చింది. ఆ తర్వాత 1859లో మద్రాసుకు ప్రత్యేక పోలీసు చట్టం, 1857 తిరుగుబాటు భయం ఇంకా తొలగకముందే 1861లో దేశానికి పోలీసు చట్టం వచ్చాయి. రెవెన్యూ నుంచి పోలీసును విడదీయడం మేలే. కానీ కొత్త దళం జవాబు చెప్పాల్సింది ప్రభుత్వానికి మాత్రమే.

1861 చట్టం 15వ సెక్షన్ చదివితే 1814 నాటి ఐర్లాండ్ గుర్తుకొస్తుంది. ప్రాంతాన్ని కల్లోలితంగా ప్రకటించడం, అదనపు పోలీసును దించడం, ఖర్చు అక్కడి ప్రజల మీద వేయడం అందులో ఉన్నాయి. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు లండన్ తరహాలో కమిషనర్లు వచ్చారు. వచ్చింది పదవి పేరే. నిలదీసే పార్లమెంటు గానీ, తప్పుపట్టే దుకాణదారుల జ్యూరీ గానీ వెంట రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పునాది చాలాకాలం కదల్లేదు. 1977లో నియమించిన జాతీయ పోలీసు కమిషన్ కొత్త చట్టం కావాలంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. అమలు అరకొరగానే ఉంది. పాకిస్తాన్ 2002లో 1861 చట్టాన్ని మార్చినా, సింధ్ రాష్ట్రం మధ్యలో మళ్లీ పాత చట్టానికే వెళ్లింది. బంగ్లాదేశ్‌లో అదే చట్టం కొనసాగుతోంది. ఈలోగా తమిళనాడులో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్, కేరళలో జనమైత్రి, తెలంగాణలో ఫ్రెండ్లీ పోలీసింగ్ వచ్చాయి. వీటిలో నిజాయతీగా జరిగిన పని ఉంది. రిసెప్షన్ కౌంటరులో కుర్చీ వేసి కూర్చోబెట్టడం ఫిర్యాదుదారుకు చిన్న విషయం కాదు. కానీ ఆ మర్యాద అధికారి మంచితనం మీద ఆధారపడినంత కాలం అతని బదిలీతో పాటే అదీ వెళ్లిపోతుంది.

పీల్ లండన్‌లోనూ ఐర్లాండ్‌లోనూ ఒకే మనిషి. ఒకచోట మంచివాడు, మరోచోట చెడ్డవాడు అనడానికి ఆధారం లేదు. లండన్ ప్రజలు వద్దనగలిగారు, పత్రికల్లో రాయగలిగారు, జ్యూరీలో కూర్చోగలిగారు. అందుకే అక్కడ ఆయన లాఠీని జేబులో దాచి, నంబరును కాలర్ మీద పెట్టారు. ఐర్లాండ్ రైతుకు ఆ బలం లేదు కాబట్టి అక్కడ తుపాకీ పైకి కనిపించింది.

అరెస్టు చేసే పోలీసు తన పేరు, హోదా స్పష్టంగా కనిపించే బ్యాడ్జీ పెట్టుకోవాలని భారత సుప్రీంకోర్టు డీకే బసు కేసులో ఆదేశించింది 1996లో. లండన్ కానిస్టేబుల్ కాలర్ మీద నంబరు కుట్టిన 167 ఏళ్లకు.